నాలుగు లీటర్ల మర్యాద

ఏడు వందల చదరపు అడుగుల ఫ్లాటు. నలుగురూ వాడుకునే ఒకటే వంటగది. ఏడాది పొడవునా ఉక్కపోత. అలాంటి ఇంట్లో బీరు పులియబెట్టుకోవచ్చని సింగపూర్ చట్టం ఒప్పుకుంటుంది. చోటు ఒప్పుకుంటుందా? పక్కగదిలో మనిషి ఒప్పుకుంటాడా?

మద్యం విషయంలో సింగపూర్ ప్రభుత్వానికి పట్టే తప్ప విడుపు తెలియదనిపిస్తుంది. రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడింటి దాకా బహిరంగ ప్రదేశాల్లో ఎవరూ తాగకూడదని 2015లో చట్టం తెచ్చింది. బీరులో ఉండే ఆల్కహాల్ మీద లీటరుకు 60 సింగపూర్ డాలర్ల లెక్కన ఎక్సైజు సుంకం వసూలు చేస్తుంది. అదే ప్రభుత్వం ఒక్కచోట మాత్రం తలుపు ఓరగా తెరిచి ఉంచింది. 18 ఏళ్లు నిండినవారు తమ ఇంట్లో తమకోసం బీరు గానీ వైను గానీ పులియబెట్టుకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, సుంకమూ లేదు. షరతులు మాత్రం గట్టివి. ఒక ఇంటికి నెలకు 30 లీటర్లు దాటకూడదు, చుక్క కూడా అమ్మకూడదు, బట్టీ పెట్టకూడదు.

ఆ దేశవాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. వాళ్లు ‘మూడు గదుల ఫ్లాటు’ అనేది మన లెక్కలో డబుల్ బెడ్‌రూమ్. 60, 65 చదరపు మీటర్లు, అంటే ఏడు వందల చదరపు అడుగులకు అటూ ఇటూ. అందులోనూ ఒక గది అద్దెకిచ్చే ఇళ్లు బోలెడు. ఉద్యోగాలకు వెళ్లిన మన తెలుగు పిల్లలూ అలాంటి గదుల్లో సర్దుకునేవాళ్లే. పొయ్యి ఒకటి, సింకు ఒకటి, ఫ్రిజ్‌లో మనిషికో అర. అలాంటి కొంపలో బీరు పులియబెట్టడమేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. అయితే ఇక్కడ అసలు అడ్డంకి ఇరుకు కాదు, కొలత అని నా వాదన. ఇరవై లీటర్లు పెడితే ఆ ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులన్నీ నిజమే. నాలుగు లీటర్లు పెడితే వాటిలో చాలామటుకు ఇబ్బందులుగానే మిగలవు. అప్పటికీ మిగిలేవి గదితో వచ్చినవి కావు, పక్కగదిలో ఉండే మనిషితో మాట్లాడి తేల్చుకోవాల్సినవి.

గ్యారేజీలో పుట్టిన కొలత

ఇంటి బీరు మీద వచ్చిన పుస్తకాలు తిరగేస్తే పాళ్లు దాదాపు అన్నిచోట్లా ఐదు గ్యాలన్లకే రాసి ఉంటాయి. ఐదు అమెరికన్ గ్యాలన్లంటే 19 లీటర్లు. ఈ అంకె బీరు స్వభావంలోంచి వచ్చింది కాదు, అమెరికన్ ఇంటి స్వభావంలోంచి వచ్చింది. అక్కడ 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకోవడానికి అనుమతి దొరికింది గానీ బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చాకే ఆ లోటు తీరింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకుమించీ ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు. చార్లీ పపాజియన్ 1984లో వేసిన పుస్తకం ఆ తరానికి పెద్దబాలశిక్ష అయింది. గ్యారేజీ, పెరడు, నేలమాళిగ ఉన్న ఇంటికి ఐదు గ్యాలన్ల బకెట్టు ఒక మూలకు సరిపోయే వస్తువు. అదే కొలత పుస్తకాల వెంట ప్రపంచమంతా తిరిగి ఇరుకు ఇళ్లలోకీ వచ్చి కూర్చుంది. మళ్లీ ఆ అమెరికాలోనే, చదరపు అడుగు బంగారమైన న్యూయార్క్‌లో, 2009లో మొదలైన బ్రూక్లిన్ బ్రూ షాప్ ఒక్క గ్యాలన్‌కు సరిపడే సరంజామా అమ్మి నిలదొక్కుకుంది. కొలతను గదే నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక గ్యాలన్ అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. దానికి కావాల్సింది 900 గ్రాముల బార్లీ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ), పదిహేను గ్రాముల హాప్స్ పూలు, అర ప్యాకెట్టు ఈస్టు, ఎనిమిది లీటర్ల స్టీలు గిన్నె, ఐదు లీటర్ల గాజు జాడీ. బరకగా ఆడించిన మాల్టును 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానబెడతారు. వేలు పెడితే చురుక్కుమనాలి, నీళ్లు మాత్రం మరగకూడదు. ఆ వేడిలో గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. గుడ్డలో వడగట్టిన తియ్యటి కషాయానికి హాప్స్ చేదు చేర్చి గంటసేపు మరిగిస్తారు. చల్లార్చి, జాడీలో పోసి, ఈస్టు చల్లి, గాలి బయటికే తప్ప లోపలికి పోనివ్వని ఎయిర్‌లాక్ బిగిస్తారు. పని ఇంతే.

ఇదే పనిని ఇరవై లీటర్లకు చేస్తే ఏమవుతుందో చల్లార్చే ఘట్టంలోనే తెలిసిపోతుంది. మరిగిన కషాయాన్ని త్వరగా చల్లార్చకపోతే అక్కర్లేని సూక్ష్మజీవులు ముందుగా చేరతాయి. చలిదేశాల్లో రాగిగొట్టం చుట్టలోంచి కుళాయి నీళ్లు పారిస్తే సరిపోతుంది. సింగపూర్‌లో కుళాయి నీళ్లే గోరువెచ్చన. వాటితో కషాయం 40 డిగ్రీల దాకా దిగినా అక్కణ్నుంచి ఐసు పెట్టాల్సిందే. నాలుగు లీటర్లను 40 నుంచి 25 డిగ్రీలకు దించడానికి లెక్క ప్రకారం ముప్పావు కిలో ఐసు చాలు, గిన్నె సింకులోనే పడుతుంది. ఇరవై లీటర్లకు నాలుగు కిలోల దాకా కావాలి. నలుగురు వాడుకునే ఫ్రీజరులో నాలుగు కిలోల ఐసంటే మిగతా ముగ్గురి చేపలూ బఠాణీలూ బయట పెట్టినట్టే. ఒక్క ఆవిరి విషయంలో మాత్రం చిన్న కొలతకు రాయితీ లేదు. గంటసేపు మరిగితే చిన్న గిన్నెలోంచీ రెండు లీటర్ల నీళ్లు ఆవిరై పోతాయి. కిటికీ మూసి ఉంటే అవి గోడలకూ సీలింగుకూ పట్టి బూజుగా తేలతాయి. కిటికీ బార్లా తెరిచి చేయాల్సిన పని ఇది.

వేడి ఊళ్లో తోడు

సాధారణ ఏల్ రకం ఈస్టులకు 18 నుంచి 22 డిగ్రీలు సుఖం. సింగపూర్‌లో పగలు 31, 32 డిగ్రీలు మామూలు, తెల్లవారుజామున కూడా 24కి దిగడం గగనం. పైగా పులిసే ద్రవం తనంతట తానే రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడిలో ఈస్టు తొందరపడి ఘాటైన ఆల్కహాళ్లను పుట్టిస్తుంది, బీరు పెయింటు థిన్నర్ వాసన కొడుతుంది. ఏసీ రోజంతా వేయడం పంచుకున్న కరెంటు బిల్లులో కుదిరే మాట కాదు, ఇంకో ఫ్రిజ్ కొనడానికి చోటు లేదు. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఇక్కడ కూడా కొలతే ఆదుకుంటుంది. నాలుగు లీటర్ల జాడీ నీళ్ల టబ్బులో నిలబడుతుంది. దానికి తడి బనీను తొడిగి, ఫ్యాను గాలి తగలనిస్తే కొన్ని డిగ్రీలు దిగుతుంది. వేసవిలో కుండకు తడిగుడ్డ చుట్టే ఇంట్లో పుట్టినవారికి ఈ సూత్రం కొత్త కాదు. అయితే గాలిలో తేమ ఎక్కువైన సింగపూర్‌లో అది మన రాయలసీమలో ఇచ్చినంత చలవ ఇవ్వదు. అందుకని టబ్బులోకి రోజుకు రెండు గడ్డకట్టిన నీళ్ల సీసాలు మార్చాల్సి వస్తుంది. చిన్న జాడీకి అది చాలు, పెద్ద బకెట్టుకు ఏ మూలకూ చాలదు.

ఇంకో దారి వేడితో పోట్లాట మానేసి దానితో సర్దుకోవడం. పశ్చిమ నార్వే పల్లెల్లో రైతులు తరతరాలుగా కాపాడుకొచ్చిన ‘క్వైక్’ అనే ఈస్టు 30 నుంచి 40 డిగ్రీల వేడిలో కూడా శుభ్రంగా పులుస్తుంది, అదీ కొద్ది రోజుల్లోనే. కర్రముక్కల మీదా, కొయ్య కడియాల మీదా ఎండబెట్టి దాచుకునేవారు. ఒకరిది పాడైతే పొరుగింటికి వెళ్లి తెచ్చుకునేవారు. దీనికి తెలుగులో కొత్త మాట వెతుక్కోనక్కర్లేదు, అది ‘తోడు’. రాత్రి పూట గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి పెరుగుచుక్క అడిగే అలవాటుకూ నార్వే రైతు అలవాటుకూ తేడా పులిసే వస్తువులోనే. చలిదేశపు పల్లె తోడు ఇవాళ పొడి రూపంలో ప్యాకెట్లలో దొరుకుతోంది, భూమధ్యరేఖ పక్కనున్న ఫ్లాటుకు సరిగ్గా అతుకుతోంది.

బాంబు షెల్టర్‌లో జాడీ

ప్రమాదం మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి అంకెలతోనే జవాబివ్వాలి. మొదటి ప్రమాదం జాడీ వదిలే వాయువు. 1990ల చివరి నుంచి కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో మందపాటి కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు ఉన్న చిన్న గది ఒకటి ఉంటుంది. యుద్ధం వస్తే తలదాచుకోవడానికని పెట్టిన షెల్టర్ అది. మామూలు రోజుల్లో అది సామాన్ల కొట్టు. వెలుతురు సోకితే హాప్స్ ఉన్న బీరు ముక్క వాసన వేస్తుంది కాబట్టి, చీకటిగా, ఎండ తగలకుండా ఉండే ఆ కొట్టు మీదికే జాడీ పెట్టేవారి కన్ను పోతుంది. నాలుగు లీటర్ల కషాయం పూర్తిగా పులిసేలోపు సుమారు 75 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఒక మనిషి ఒక్క రోజులో ఊపిరితో వదిలేదే దాదాపు 500 లీటర్లు. గాలాడే గదిలో జాడీ గురించి బెంగపడేవాళ్లు ముందు రూమ్మేట్ గురించి బెంగపడాలి. గాలాడని కొట్టులో లెక్క వేరు. రెండున్నర చదరపు మీటర్ల గది, 2.6 మీటర్ల ఎత్తు అనుకుంటే లోపల పట్టే గాలి 6,500 లీటర్లు. గాలి అసలు మారదనుకుంటే 75 లీటర్లు అందులో ఒక శాతం పైచిలుకు. అదే ఇరవై లీటర్ల బకెట్టు వదిలే 380 లీటర్లు ఆరు శాతానికి దగ్గర. నాలుగు శాతాన్నే ప్రాణాపాయపు హద్దుగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కగట్టింది. షెల్టర్లకు గాలి కన్నాలు ఉంటాయి, తలుపూ తీస్తూ ఉంటారు, కాబట్టి నిజంగా అంత పేరుకోకపోవచ్చు. అయినా తలుపు తీసి వంగి చూసేది ఆ సంగతి తెలియని ఇంకొకరు అయ్యే ఇంట్లో ‘పేరుకోకపోవచ్చు’ మీద ఆధారపడకూడదు. చిన్న జాడీ, తెరిచిన తలుపు. ఈ రెండూ కలిస్తేనే ఆ కొట్టు పనికొస్తుంది.

రెండో ప్రమాదం సీసా పేలడం. ఇది కట్టుకథ కాదు. పులిసిన బీరుకు లీటరుకు ఆరు గ్రాముల చక్కెర చొప్పున కలిపి సీసాల్లో బిగిస్తారు. ఆ చక్కెర మళ్లీ పులిసి బుడగలు పుట్టిస్తుంది. అప్పుడు సీసా లోపల ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర కారు టైరులో గాలంత ఉంటుంది, 30 డిగ్రీల గదిలో అంతకంటే ఎక్కువే. ఇది సీసా తట్టుకునే ఒత్తిడే. చిక్కల్లా తొందరపాటుతో. జాడీలో పులియడం పూర్తికాకముందే బిగిస్తే మిగిలిన చక్కెరంతా సీసాలోనే పులుస్తుంది, గాజు ముక్కలవుతుంది. దీనికి రెండు జాగ్రత్తలు. ద్రవం చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపించాలి. గాజు సీసాలకు బదులు సోడాలు వచ్చే ప్లాస్టిక్ సీసాలు వాడాలి. పిండితే ఎంత గట్టిపడిందో చేతికే తెలుస్తుంది, పేలినా గుచ్చుకోదు. ఒంటరి ఇంట్లో పందెం కాసేవాడు తన కాళ్ల మీదే కాస్తాడు, పంచుకున్న ఇంట్లో ఇతరుల కాళ్ల మీద కాస్తాడు. అందువల్ల ఈ జాగ్రత్తలు పాటించడం ఇష్టాయిష్టాల సంగతి కాదు.

మూడోది విషం భయం. కల్తీసారా చావుల వార్తలు చదివి పెరిగిన మనకు ఈ భయం సహజం. తెలుగులో ‘సారా కాయడం’ అంటాం, పెరుగునూ ఇడ్లీపిండినీ కల్లునూ ‘పులియడం’ అంటాం. భాష చేసిన ఈ విభజన శాస్త్రానికీ సరిపోతుంది. బట్టీ పెట్టడమంటే ఆల్కహాల్‌ను ఆవిరి చేసి గాఢం చేయడం. అక్కడ మంట ఉంది, గాఢత ఉంది, వీటన్నిటినీ మించి పారిశ్రామిక మిథనాల్ కలిపే దుర్మార్గం ఉంది. బార్లీ పులిసినప్పుడు పుట్టే మిథనాల్ లేశమాత్రం, ప్రాణం తీసే మోతాదు అందులో చేరదు. తప్పు చేస్తే బీరు పులిసి వెనిగర్ రుచి కొడుతుంది, పారబోయాల్సి వస్తుంది. సింగపూర్ చట్టం బీరుకు తలుపు తెరిచి బట్టీకి మూసింది ఈ తేడా ఎరిగే.

వాసన ఎవరిది?

గది లెక్కలు తేలాక మనిషి లెక్క మొదలవుతుంది. మాల్టు మరిగే వాసన హార్లిక్స్ డబ్బా మూత తీసినట్టుంటుంది. ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీ దారిన వెళ్లినవారికి అది తెలిసిన వాసనే. బాగుంటుంది గానీ గంటల తరబడి ఇల్లంతా అదే అయితే అందరికీ బాగుండదు. సింగపూర్‌కు ఈ విషయంలో చేదు అనుభవం ఉంది. పక్కింటి భారతీయ కుటుంబం వండే కూర వాసన భరించలేకపోతున్నామని చైనా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఫిర్యాదు చేసిన పాత తగాదా 2011 ఆగస్టులో పత్రికకెక్కింది. మధ్యవర్తుల దగ్గర కుదిరిన రాజీ ప్రకారం, చైనా కుటుంబం ఇంట్లో లేనప్పుడే భారతీయులు కూర వండుకోవాలి. దేశం భగ్గుమంది. ఆ నెల 21న జాతిభేదం లేకుండా వేలమంది పట్టుబట్టి కూర వండి పంచుకున్నారు. దీన్నిబట్టి, మా వంటగది మా ఇష్టమని బీరు పెట్టేవారూ వాదించవచ్చు కదా అనిపిస్తుంది. ఆ వాదన చెల్లదు. కూర రోజూ తినే తిండి, అది లేకుండా ఆ ఇల్లు గడవదు. బీరు సరదా. తిండి అడిగే సహనాన్ని సరదా అడగకూడదు. సరదాకు ముందుగా అనుమతి అడగాలి.

అనుమతి అంటే వాసనకే కాదు. సింగపూర్‌లో 1989 నుంచి ప్రతి హెచ్‌డీబీ భవనంలోనూ చైనీయులు, మలయులు, భారతీయులు కలిసి ఉండేలా కోటాలు అమల్లో ఉన్నాయి. అలాంటి ఇంట్లో గది అద్దెకు తీసుకున్నవారిలో మద్యం తాకిన గిన్నెలో వండుకోని ముస్లిం ఉండవచ్చు, శనివారం ఒక్కపొద్దుండే తెలుగువాడు ఉండవచ్చు, మానేసి ఏడాదైన తాగుబోతు కూడా ఉండవచ్చు. ముప్పై లీటర్ల గిన్నె కొనేవారు తక్కువ, ఇంట్లో అందరి గిన్నెలూ అప్పుగా వాడేవారే ఎక్కువ. ఎనిమిది లీటర్ల గిన్నె, ఒక గరిటె, ఒక గుడ్డ మాత్రం ఎవరైనా విడిగా కొని, విడిగా తోమి, తన మంచం కింద పెట్టుకోగలరు. మడి గిన్నెల లెక్క తెలిసిన ఇళ్లలో పెరిగినవారికి దీని విలువ వివరించక్కర్లేదు. పక్కవారి నియమాన్ని నమ్మనక్కర్లేదు, దానికి అడ్డం రాకుండా ఉండే కొలత ఎంచుకుంటే చాలు. మానేసిన మనిషి ఉన్న ఇంట్లో మాత్రం సరైన కొలత సున్నా. దీనికి సర్దుబాటు లేదు.

పది సీసాలకు ఇంత తతంగమా?

అనుభవజ్ఞులు లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది. నాలుగు లీటర్లకైనా ఇరవై లీటర్లకైనా పని మూడు నాలుగు గంటలకు తగ్గదు. చివరికి చేతికొచ్చేది తొమ్మిది పది సీసాలు. ఇది ముమ్మాటికీ నిజం. ఖర్చు లెక్కన చూసినా చిన్న కొలత లాభసాటి కాదు. కానీ ఇంటి బీరు చవక తాగుడు కోసమైతే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. ఇది చేతిపని నేర్చుకోవడం. ఇరవై లీటర్లు పాడైతే యాభై సీసాలు పారబోయాలి, లేదా పారబోయలేక తాగాలి. నాలుగు లీటర్లు పాడైతే సింకులో ఒంపి, వచ్చే వారం ఒక్క డిగ్రీ మార్చి మళ్లీ చూడవచ్చు. ఐదు చిన్న ప్రయత్నాలు నేర్పేది ఒక పెద్ద ప్రయత్నం నేర్పదు.

ఇక బరువైన అభ్యంతరం. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. తెలుగునాట ఈ మాట సంస్థ చెప్పకముందే ఆడవాళ్లు చెప్పారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. నిషేధం 1997లో సడలినా, ఇంట్లో మద్యం అన్న మాట వినగానే ముఖం ముడుచుకునే హక్కు ఆ తల్లులకు ఎప్పటికీ ఉంది. ఇంట్లో చేసింది కాబట్టి మంచిదని వారికి ఎవరూ చెప్పకూడదు, అది నిజం కాదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. దూబగుంట పోరాడింది అంతులేని సరఫరా మీద, వాడవాడకూ ప్యాకెట్లు చేర్చి కూలిడబ్బులు ఊడ్చేసిన వ్యాపారం మీద. నాలుగు లీటర్ల జాడీకి మూడు వారాల ఓపిక కావాలి, అది అయిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఆ నెమ్మది తాగుబోతును ఆపుతుందని హామీ లేదు. కానీ దాని నడక సారా దుకాణం నడకకు పూర్తిగా ఎదురు.

మన దగ్గర చట్టం సంగతి స్పష్టం. 1968 నాటి ఎక్సైజు చట్టం కింద ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీకి అనుమతి దొరుకుతుంది గానీ మాదాపూర్ హాస్టల్ గదిలో జాడీకి దొరకదు. కాబట్టి ఇది చదివి ఇక్కడ ఎవరూ మాల్టు నానబెట్టకూడదు. అయితే సింగపూర్ ఉదాహరణ మన విధానకర్తలకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతుంది. ఐదు శాతం బీరు 30 లీటర్లలో ఉండేది లీటరున్నర ఆల్కహాల్. ఆ లెక్కన ఒక ఇంటి మీద నెలకు ఎంత ఎక్కువైనా 90 డాలర్ల ఎక్సైజు సుంకం వదులుకోవడానికి ఆ ప్రభుత్వం సిద్ధపడింది. బదులుగా హద్దు ఎక్కడుందో అందరికీ తెలిసేలా గీసింది. అన్నీ నిషేధించడం, అన్నీ వదిలేయడం అనే రెండు దారుల మధ్య అంకెతో గీసిన గీత మూడో దారి.

మర్యాద అన్న మాటను మనం మన్ననగా వాడుతున్నాం గానీ దాని పాత అర్థం హద్దు. ఇరుకింట్లో ఆ రెండు అర్థాలకూ తేడా ఉండదు. చట్టం అక్కడ నెలకు 30 లీటర్లని రాసింది. నలుగురు పడుకునే ఇల్లు దాన్ని నాలుగుకు తగ్గిస్తుంది. ఆ నాలుగైనా పెట్టాలా వద్దా అన్నది పొయ్యి వెలిగించే ముందు పక్కగది తలుపు తట్టి అడగాల్సిన ప్రశ్న.